సోమవారం కిక్ సర్వ్

"మళ్ళీ ఏదో చేశారు కదా?"

క్లినిక్‌లో బల్ల మీద టెన్నిస్ కోచ్ బోర్లా పడుకున్నాడు. ఫిజియో మోచేత్తో అతని నడుం ఎడమ పక్క నొక్కింది. అతను పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు.

"నిద్రలో పట్టేసిందేమో," అన్నాడు చివరికి.

"ప్రతి సోమవారం రాత్రే పట్టేస్తుందా మీకు? పోయిన వారం ఇక్కడ మెత్తబడింది. ఇవాళ చూస్తే ఎండిన మొద్దులా ఉంది."

బయట ముసురు. కిటికీ పైరేకు మీద చినుకులు ఓపిక లేనట్టు పడుతున్నాయి.

నిజానికి నిద్రది ఏ పాపమూ లేదు. రాకెట్టు ముట్టుకోవద్దని ఆమె మొదటి రోజే చెప్పింది. అయినా సోమవారం సాయంత్రం పిల్లలు ఇళ్ళకు పోయాక కోచ్ ఒక్కడే కోర్టులో నిలబడి, బుట్టలో బంతులన్నీ అయిపోయేదాకా కిక్ సర్వ్‌లు కొడతాడు. నొప్పి పోతే క్లినిక్‌కి వచ్చే మంగళవారం పోతుంది. మంగళవారం పోతే ఆమె కనబడదు. దానికంటే నడుం నొప్పే నయమనిపించింది అతనికి.

ఇంట్లో అక్కకు ఎప్పుడో అనుమానం వచ్చింది. "వైద్యానికి పోయేవాడివి సెంటెందుకురా? నొప్పి తగ్గించుకోడానికే పోతున్నావా, నీళ్ళు పోసి పెంచుకోడానికా?" అంటే, విననట్టు చెప్పులేసుకుని బయటపడ్డాడు.

ఫిజియో చేతులు తుడుచుకుని స్టూలు మీద కూలబడింది. పొద్దుటినుంచీ నిలబడే ఉన్న మనిషి. కుడి బొటనవేలి మొదలు తనే మెల్లగా రాసుకుంది. కొన్ని వారాలుగా ఆమె వేళ్ళతో నొక్కడం మానేసి మోచేత్తో నొక్కుతోంది. ఊరివాళ్ళ నొప్పులన్నీ తీసి తన వేల్లో దాచుకున్నట్టుంది అనుకున్నాడు కోచ్.

"మిమ్మల్ని ఆపరేషన్ చేసేవాళ్ళ దగ్గరికి పంపమన్నారు పెద్ద డాక్టరుగారు," అంది. "నా వైద్యంతో తగ్గడం లేదుట. లోపం నాలోనే ఉందేమో."

కాదని చెప్పాలి. దానికి బదులు లేచి చొక్కా వేసుకున్నాడు.

"పంపేముందు ఒకసారి మీ ఆట చూస్తాను. ఎక్కడ తప్పానో నాకు తెలియాలి. సర్వ్ అంటే పైకెగరేసి కొట్టడమేగా?"

"మూడు రకాలండీ."

"రేపు పొద్దున డ్యూటీకి ముందు వస్తాను. మూడూ చూపించండి."

మర్నాడు తెల్లవారగానే వచ్చింది. కోర్టు తడిగా ఉంది. గొడుగు నెట్టు స్తంభానికి తగిలించి, అతని వెనకాల నిలబడి నడుం మీద అరచెయ్యి ఆనించింది.

"కొట్టొద్దు. ఊరికే చేసి చూపించండి. చెబుతూ చెయ్యండి."

ఆ అరచేతి వెచ్చదనానికి అతనికి మాట తడబడింది. రాకెట్టు ఎత్తాడు.

"ఇది ఫ్లాట్. రాకెట్టు సుత్తి పట్టినట్టు పట్టుకోవాలి. బంతి ముందుకి ఎగరేసి, నిండుగా తగిలేట్టు కొట్టాలి. తిన్నగా, జోరుగా పోతుంది. గురి తప్పితే నెట్టుకే."

"ఇక్కడేం బిగుసుకోలేదు. తర్వాత?"

"స్లైస్. బంతి కొంచెం కుడి పక్కకి. దోసకాయ చెక్కు తీసినట్టు పక్కనుంచి గీరాలి. వంకర తిరిగి ఎదుటివాడికి అందకుండా పోతుంది."

"ఇదీ కాదు. మూడోది?"

అతను రాకెట్టు దించేశాడు. "మూడోది వద్దులెండి."

"అది చూడ్డానికేగా వచ్చింది?"

దొరికిపోయాడు. "బంతి నెత్తి మీదికి, కాస్త వెనక్కి. నడుం విల్లులా వంచి, కిందనుంచి పైకి గీకాలి. అవతల పడి భుజం ఎత్తు లేస్తుంది. కిక్ అంటారు."

ఎడమ చెయ్యి పైకెత్తి వంగాడు. అరచెయ్యి కింద కండ రాయిలా లేచింది.

ఆమె చెయ్యి కదల్లేదు. "సోమవారాలు కొట్టేది ఇదేనా?"

"ఇదే."

"నొప్పి తిరగబెడుతుందని తెలిసేనా?"

"తెలిసే."

చెయ్యి తీసేసింది. వెళ్ళి తడి బెంచీ మీద, తడి అని కూడా చూసుకోకుండా కూర్చుంది.

"నాకు పని రాదేమో అనుకున్నాను," అంది నెమ్మదిగా. "ఈ నెలాఖరుకి మానేద్దామనుకున్నాను కూడా. ఎందుకు చేశారు ఇలా?"

"తగ్గితే మీ దగ్గరికి రావడానికి నాకు ఇంకో కారణం లేదండీ."

ఆమె తల ఎత్తి చూసింది. కోపంగానే చూసింది. కానీ ఆ కోపానికీ ఓపిక చాల్లేదు.

"ఆ ముక్క మొదట్లోనే చెప్పచ్చుగా?"

"సర్వ్ గురించైతే గంటసేపు చెప్తాను. ఇది చెప్పడం రాదు." అతను తల దించుకున్నాడు. "తప్పు నాది. పెద్ద డాక్టరుగారికి ఇవాళే వెళ్ళి నేనే చెప్తాను. మీరు మాత్రం మానకండి."

అతను సంచీలోంచి రాకెట్టొకటి తీసి ఆమె పక్కన పెట్టాడు. పిడికి పట్టీ పొర మీద పొర చుట్టి ఉంది.

"ఎప్పుడో చుట్టి ఉంచాను. పిడి లావుగా ఉంటే బిగించి పట్టుకోనక్కర్లేదు. మీ బొటనవేలికి హాయిగా ఉంటుంది."

"నా వేలి సంగతి మీకెవరు చెప్పారు?"

"మీ మోచేయి."

నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు. అలిసిన నవ్వే, అయినా మొహమంతా పాకింది. రాకెట్టు చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"మూడింట్లో ఏది నేర్పుతారు?"

"మూడూ వద్దు. చెయ్యి తల మీదికి లేపకుండా, నడుం దగ్గరనుంచి కొట్టే సర్వ్ ఒకటుంది. జనం నవ్వుతారు గానీ, ఆటలో చెల్లుతుంది. మనిద్దరి ఒంటికీ ప్రస్తుతం అదే మంచిది."

మొదటి బంతి నెట్టుకి తగిలింది. రెండోది కూడా. తర్వాతది నెట్టు అంచు మీద కాసేపు ఆలోచించుకుని అవతలికి దొర్లింది.

ఆమె గొడుగు తీసుకుంది. "ఇక మంగళవారాలు క్లినిక్‌కి రాకండి."

అతని మొహం వాడిపోయింది.

"ఇక్కడే ఉండండి. డ్యూటీ కాగానే నేనే వస్తాను. ఎక్సర్‌సైజులు నా కళ్ళ ముందే చెయ్యాలి."

"మరి సోమవారం?"

ఆమె బంతుల బుట్ట వైపు చూసింది. తర్వాత అతని వైపు.

"ఆ రోజూ వస్తాను," అంది గొడుగు విప్పుతూ. "కాపలాకి."