పచ్చ చెక్కిన వెదురు

కాగితం ఇంకా పుట్టని కాలం. చైనాలో యాంగ్జీ నది ఒడ్డున ఒక చిన్న ఊరి కచేరీలో రాసుకునే వెదురుబద్దలు నిండుకున్నాయి. పట్టు మీద రాసే అంతస్తు ఆ కచేరీకి లేదు. గుమాస్తా యాన్ పీ ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వెదురు కొట్టించడానికి గట్టు మీదికి వెళ్ళాడు. ముదురు వెదురు ఒక్క చోటే మిగిలింది. టావ్ అవ్వ తన కొడుకుని పాతిపెట్టిన చోట.

అవ్వ అడ్డం పడింది. "బాబూ, దీని వేళ్ళు నా బిడ్డను పట్టుకుని ఉన్నాయి. వద్దు."

"అయితే ఉత్తర్వులు నీ వీపు మీద రాయమంటావా అవ్వా?"

కూలీలు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి యాన్ పీకి కాస్త గర్వం కూడా కలిగింది. గొడ్డలి దెబ్బ పడినప్పుడల్లా అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుంది.

మర్నాడు బద్దలు చీల్చి, పైనున్న పచ్చపొర తోలులా చెక్కేసి, నిప్పుల సెగకు ఆరబెట్టారు. పచ్చి వెదురుకు వేడి తగిలితే చెమట పోయడం మామూలే. కానీ ఈ బద్దల చెమట ఆగలేదు. కారి కారి బొగ్గుల మీద పడి చుయ్యిమంటోంది. గదంతా వాసన... వెదురు వాసన కాదు. రోజుల తరబడి జ్వరంతో పడి ఉన్న మనిషి పక్క వాసన.

యాన్ పీ ఒక బద్ద తీసి కుంచె ఆనించాడు. బద్ద వణికింది. తన చెయ్యే వణికిందనుకుని రెండో చేత్తో అదిమిపట్టాడు. వేళ్ళ కింద... వెచ్చగా... మెత్తగా...

నాడి కొట్టుకుంటోంది.

భయం కన్నా ముందు సిగ్గు వచ్చింది. తను వేసిన పరాచికం, ఆ నవ్వులు, అవ్వ మూసుకున్న కళ్ళు గుర్తొచ్చి ముఖం భగ్గుమంది. బద్దలన్నీ మూటగట్టుకుని, బయట కురుస్తున్న వానలోనే అవ్వ గుడిసెకు పరుగెత్తాడు. గుమ్మంలో మోకరిల్లి నుదురు నేలకు ఆనించాడు.

"తప్పయిపోయిందవ్వా. తీసుకో."

"మెల్లిగా మాట్లాడు," అవ్వ గుసగుసలాడింది. "పొద్దున్నే వచ్చాడు. ఇప్పుడే కన్నంటింది."

"ఎవరు?"

"చలేస్తోందమ్మా అంటాడు. కప్పబోతే కేక పెడతాడు. బట్ట తగిలినా మంటట."

లోపలి గదికి రెల్లు తడిక అడ్డం ఉంది. దాని కిందనుంచి సన్నగా నీరు పాకుతూ వచ్చింది. యాన్ పీ వేళ్ళకు తగిలింది. వెచ్చగా ఉంది.

తడిక వెనక ఎవరో ఒత్తిగిల్లారు.

"అమ్మా... ఆ వచ్చినాయన ఒంటి మీద తోలుందా?"

అవ్వ యాన్ పీ మెడ వైపు చూసింది. చేతుల వైపు చూసింది.

"ఉంది నాన్నా," అంది.