నాలుగో నంబరు గది

ఎడమకి తిరిగాడు. అంతే!

ఢాం!

చెవి పక్కనే గోడ పెచ్చు ఎగిరింది.

దేవదానం చేతిలో టార్చి జారింది. నేల మీద దొర్లింది. వంగి అందుకున్నాడు. వెంటనే ఆర్పేశాడు.

చీకటి!

పైన మిట్టమధ్యాహ్నం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇక్కడ, ముప్పై మెట్లు కింద, కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు.

ఎవడు కాల్చాడు?

వాచ్‌మన్! ఇంకెవడు? పరదేశన్న పొద్దున్నే హెచ్చరించాడు కదా...

"కాంట్రాక్టరు వాచ్‌మన్ని ఎట్టేడ్రా తమ్ముడూ. ఆడి కాడ తుపాకీ ఉంది. కుడేపే ఎల్లు. ఎడమేపు ఎల్లకు, అటంతా పాములు."

మెట్ల దగ్గర కాపలా ఉంటానన్నాడు పరదేశన్న. మోత ఆ మెట్ల వైపు నుంచే వచ్చింది.

అయ్యో... అన్నని ఏం చేశాడో వాడు!

"అన్నా! పరదేశన్నా!"

 చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. టప్... టప్... ఇటే వస్తోంది!

దేవదానం పరుగెడుతున్నాడు. గోడని చేత్తో తడుముకుంటూ, మోకాలు కొట్టుకుంటూ, గబ్బిలాలు మొహాన కొడుతుంటే పరుగెడుతున్నాడు. ఇరవై మూడేళ్ళ ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. తుపాకీ మోత ఇంత దగ్గరగా వినడం ఇదే మొదలు.

వెనక్కి పోతే చావు. ముందుకి పోతే ఏముందో తెలీదు.

అయినా వెనక్కి పోడు! ఇవాళ కాదు!

వైజాగ్ మీద జపానోడి బాంబులు పడ్డాక మిలట్రీవాళ్ళు తవ్విన సొరంగం ఇది. చోడవరం నుంచి రోలుగుంట పోయే దారిలో, కొండ పొట్టలో, పెట్రోలు దాచుకునే డిపో. ఎడమవైపు గదులు వాడకుండానే వదిలేశారు. యుద్ధం ముగిసింది. దొరలు పోయారు. ఇనప తలుపులు కూడా ఎవరో పీక్కుపోయారు. రేపు పొద్దున్న కొండరాయి కోసం డైనమైటు పెడతారు. మొత్తం కూలిపోతుంది.

ఇవాళ దొరక్కపోతే... తోమా అన్నయ్య ఎప్పటికీ దొంగే!

తోమా. దేవదానానికి సొంత అన్నయ్య. ఈ డిపోలో స్టోరు గుమాస్తా. నలభై నాలుగులో ఓ రాత్రి మాయమయ్యాడు. అదే రాత్రి లారీడు పెట్రోలు డబ్బాలూ మాయమయ్యాయి. దొంగతనం చేసి పారిపోయాడని మిలట్రీ నుంచి కాగితం వచ్చింది. పదకొండేళ్ళయింది. ఈనాటికీ బళ్ళో వెనక బెంచీ వాళ్ళు గుసగుసలాడతారు. "ఒరే, దొంగ తోమా తమ్ముడొచ్చేడ్రా!"

అమ్మ అప్పలమ్మ ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూలబడుతుంది. "నా పెద్దోడెక్కడున్నా సల్లగా సూడు ప్రభువా" అని కుమిలి కుమిలి ఏడుస్తుంది.

మొన్న సంతలో పైడితల్లి ఆపింది. ఇక్కడ ఇనపకమ్మీలు పీకే కూలి మనిషి.

"మాస్టారూ... ఎడమేపు నాలుగో నంబరు గదిలో మిలట్రీ బూట్లున్నాయి బాబూ. పక్కన ఎముకలు. ఓలమ్మో! సూసి ఒకటే లగెత్తుడు నాను!"

ఆ మాట దేవదానం ఒక్కరికే చెప్పాడు. పరదేశన్నకి.

ఎందుకు చెప్పడు? అన్నయ్యకి ప్రాణ స్నేహితుడు పరదేశి. నాన్న ముందే పోయాడు, అన్నయ్య అలా మాయమయ్యాడు. అప్పుడు ఇంట్లోకి బియ్యం తెచ్చింది ఆయనే. ట్రైనింగు స్కూల్లో చేర్పించింది ఆయనే. అనకాపల్లికి బెల్లం దిమ్మలు తోలే సొంత లారీ ఉన్నా, అమ్మ ముందు ఇప్పటికీ చాప మీదే కూర్చుంటాడు. అలాంటి మనిషిని నమ్మక ఎవర్ని నమ్ముతాడు?

ఢాం!

ఈసారి నెత్తి మీంచి పోయింది!

దేవదానం బోర్లా పడ్డాడు. పాకుతున్నాడు. చేతికి గుమ్మం తగిలింది. లోపలికి దొర్లాడు. టార్చికి అరచెయ్యి అడ్డం పెట్టి వెలిగించాడు.

గోడ మీద తెల్లరంగు అంకె. నాలుగు!

 వెలుతురు నేల మీదికి దించాడు.

బూట్లు.

గోడ వారగా పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఎవరో ఓపిగ్గా విప్పి, ఒద్దికగా పెట్టారు.

వాటి పక్కన చివికిన ఖాకీ గుడ్డ. అందులో మనిషి. మనిషి కాదు... ఎముకలు.

"ప్రభువా..." అనుకున్నాడు దేవదానం.

ఎడమ చెయ్యి వెతికాడు. వేళ్ళు లెక్కపెట్టాడు. నాలుగే! చిటికెన వేలు లేదు! చిన్నప్పుడు గానుగలో చెరుకు పెడుతుంటే నలిగిపోయిన వేలు!

"అన్నయ్యా..."

ఏడుపు తన్నుకొచ్చింది. పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు. పారిపోలేదు! అన్నయ్య ఎక్కడికీ పారిపోలేదు! ఊరికి మైలు దూరంలో, ఈ గబ్బిలాల కంపులో, పదకొండేళ్ళుగా ఇక్కడే పడున్నాడు!

అప్పుడు కాళ్ళు చూశాడు.

రెండు బొటనవేళ్ళూ కలిపి గుడ్డపీలికతో కట్టి ఉన్నాయి. రెండు పేటల ముడి. మాంసం పోయింది, ముడి మాత్రం ఊడలేదు.



శవానికి బొటనవేళ్ళు కట్టడం ఈ వైపు అందరూ చేసేదే. మతం పుచ్చుకున్నా వాళ్ళ వీధిలో ఆ అలవాటు పోలేదు. పాస్టరుగారు ఎంత కసిరినా పోలేదు. కానీ కట్టేది ఎవరు? అయినవాళ్ళు! చంపి పారేసే పగవాడు బూట్లు విప్పుతాడా? కూర్చుని వేళ్ళు కడతాడా?

అంటే... అన్నయ్యని ఇక్కడ పడేసినవాడు... పరాయివాడు కాదు!

టప్... టప్...

గుమ్మంలో వెలుతురు!

దేవదానం టార్చి ఆర్పి గోడకి అతుక్కుపోయాడు. 

"తమ్ముడూ... ఉన్నావేట్రా?"

పరదేశన్న!

ప్రాణం లేచొచ్చింది! ఒక్క ఉరుకున పోయి ఆ మనిషిని వాటేసుకున్నాడు.

"అన్నా! బతికే ఉన్నావా! వాడేడీ? వాచ్‌మన్ ఏడీ?"



చొక్కా నుంచి వాసన వస్తోంది. బెల్లం వాసన కాదు. చెమట వాసన కాదు. మందుగుండు వాసన!

దేవదానం చేతులు వాటంతటవే జారాయి. ఒకడుగు వెనక్కి వేశాడు. పరదేశి ఎడమ చేతిలో టార్చి. కుడి చేతిలో రివాల్వర్.

"వాచ్‌మనూ లేడు, గీచ్‌మనూ లేడు," అన్నాడు పరదేశి.  "ఎడమేపు ఎల్లకురా అన్నానా? ఇన్నావు కాదు. నీ ఈపుకే గురెట్టేను తమ్ముడూ. రెండుసార్లూ సెయ్యి వొణికిపోయింది."

"నువ్వా... నువ్వేనా అన్నయ్యని..."

"పెట్రోలు నానే తోలేసేను. ఆడు సూసేసేడు. తెల్లారగానే దొరకి సెప్పేస్తానన్నాడు. కాల్లట్టుకున్నాన్రా! నీకూ వాటా ఇస్తానన్నాను. ఉమ్మేసేడు. సేతిలో ఇనపకమ్మీ ఉంది..."

మిగతాది చెప్పక్కర్లేదు.

"నీ బియ్యం తిన్నాను!" దేవదానం అరిచాడు. "పదకొండేళ్ళు! నిన్ను అన్నా అన్నాను! థూ!"

"రేపటికి పూడిపోయేదిరా ఇదంతా. ఒక్క రోజు! ఒక్క రోజు ఆగలేకపోయేవు!"

రివాల్వర్ లేచింది. 

దేవదానం కాలికి బూటు తగిలింది. ఎత్తి కొట్టాడు!

ఠప్! టార్చి ఎగిరిపోయింది! చీకటి! మీదికి దూకాడు. ఇద్దరూ నేల మీద దొర్లుతున్నారు. మోచెయ్యి... పళ్ళు... మణికట్టు దొరికింది. కొరికాడు! పరదేశి కేక పెట్టాడు. ఇనుము ఖణేల్‌మంది. దేవదానం చెయ్యి దాని మీద పడింది.

తన టార్చి వెలిగించాడు. రివాల్వర్ ఇప్పుడు తన చేతిలో!

పరదేశి గోడకి చేరగిలబడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. కళ్ళలో నీళ్ళు.

"కాల్సీ."

"చంపి, మళ్ళీ బొటనవేళ్ళు కట్టేవా? సిగ్గు లేదూ నీకు?"

"నాను కట్టనేదు."

"మరెవరు కట్టేరు?"

పరదేశి తల దించుకున్నాడు.

"చెప్పు!"

"మీ అమ్మ."

ఒక్క క్షణం దేవదానానికి మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక రివాల్వర్ పరదేశి నుదుటికి ఆనించాడు.

"నోర్ముయ్! మా అమ్మ పేరెత్తితే చంపేస్తాను!"

"ఆ రాత్రే ఎల్లి కాల్ల మీద పడ్డాన్రా. లాంతరట్టుకుని నాతో వచ్చింది. ఏడవనేదు. బూట్లు ఇప్పింది. కోక సెరగు సింపి ముడేసింది. అప్పుడన్నాది... పెద్దోడెలాగూ రాడు. సిన్నోడికి పన్నెండేల్లు. ఆడి బువ్వ నీదేరా పరదేశీ, మాటియ్యి... అన్నాది. ఇచ్చేను."

"అబద్ధం! పచ్చి అబద్ధం! మా అమ్మ ప్రతి ఆదివారం..."

"ఏడుస్తాది. అది నటన కాదురా. నిజంగానే ఏడుస్తాది."

దేవదానం వేలు బిగుసుకుంటోంది. వీడు దొంగ. హంతకుడు. చచ్చే ముందు కూడా విషం కక్కుతున్నాడు. ఒక్క నొక్కు నొక్కితే చాలు...

అప్పుడు వినిపించింది.

పైనుంచి... మెట్ల మీంచి... సన్నగా...

"పరదేశీ..."

ఆ గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న గొంతు!

"పరదేశీ... గుంటడు సూసేసేడేటి?"

దేవదానం చెయ్యి కిందికి వాలిపోయింది.

ముప్పై మెట్లు ఎలా ఎక్కాడో తెలీదు. ఎండ కళ్ళలో కొట్టింది. ఎదురుగా అప్పలమ్మ. చెప్పుల్లేని కాళ్ళతో మైలు నడిచొచ్చింది. ఆయాసపడుతోంది. కొడుకు మొహం చూడగానే ఆమెకి అంతా తెలిసిపోయింది.

"అమ్మా. అన్నయ్య దొంగ కాదని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఇన్నేళ్ళూ తెలుసా?"

"నీకు బువ్వెట్టాలి కదరా నాయనా. మీ అయ్య లేడు. నానెక్కడి నుంచి తెత్తాను?"

"నా బువ్వ కోసం అన్నయ్యని అమ్మేసేవా! వీధిలో వాళ్ళు దొంగ దొంగ అంటుంటే ఎలా విన్నావే అమ్మా!"

"దొంగంటారని ఆ రేతిరి నాకు తెలీదురా! అన్నాక ఇంకేటి సెప్పగల్ను? ముడేసింది నానే అని తెలిస్తే నన్నూ అట్టుకెల్తారు." అప్పలమ్మ కొడుకు చొక్కా పట్టుకుంది. "నువ్విటొత్తన్నావని పరదేశి సెబితేనే లగెత్తుకొచ్చేను. రేపు పూడిపోద్ది. పూడిపోనీరా. సచ్చినోడు లేచి రాడు. ఇంటికి పోదాం, రా."

పరదేశి మెట్లెక్కి వచ్చాడు. ఆమె వెనక నిలబడ్డాడు. ఇద్దరూ ఒక వైపు. దేవదానం ఒక్కడూ ఒక వైపు.

ఒళ్ళు మండిపోయింది!

రివాల్వర్ ఎత్తాడు. అప్పలమ్మ కళ్ళు మూసుకుంది. పరదేశి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

గొట్టం ఇంకా పైకి లేచింది. ఆకాశం వైపు!

ఢాం! ఢాం!

కొండ మారుమోగింది. దూరాన చింతల నీడలో అంబలి తాగుతున్న కూలీలు దిగ్గున లేచారు. "ఏటది? ఏటది?" కేకలు. పరుగులు. అందరికంటే ముందు పైడితల్లి.

"మనుషులొస్తన్నారమ్మా," దేవదానం గొంతులో బతిమాలడం ఉంది. "ఒక్క మాట చెప్పు. కింద ఉన్నది నా కొడుకు, వాడు దొంగ కాదు... అని. నీ నోటితో చెప్పు చాలు. ఇంకేమీ అడగను, జన్మలో!"

కూలీలు వచ్చేశారు. మాస్టారి చేతిలో తుపాకీ. పరదేశి మూతి నిండా నెత్తురు. పైడితల్లి నోరు తెరుచుకుపోయింది.

"మాస్టారూ! ఏటయ్యింది బాబూ?"

"నాలుగో గదిలో ఉన్నది మా అన్నయ్య! చంపింది వీడు! నా మాట వద్దు. మా అమ్మని అడగండి!"

అందరూ అప్పలమ్మ వైపు తిరిగారు.

ఆమె పరదేశిని చూసింది. కొడుకు చేతిలో తుపాకీని చూసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"గుంటడికి నిన్నటి నుంచీ జొరం బాబూ. మాట తేలిపోతన్నాది. ఆ ఎముకలు ఎవులివో ఏటో... నానెరగను."

"అమ్మా!"

"తుపాకీ లాగేసుకోండి! పరదేశి బాబుని కాల్సేత్తాడు!"

నలుగురు కూలీలు మీద పడ్డారు. చెయ్యి మెలితిప్పారు. "చిటికెన వేలు చూడండి! వెళ్ళి చూడండి!" అని దేవదానం అరుస్తూనే ఉన్నాడు. జొరం మాటలని ఎవరూ వినిపించుకోలేదు. నేల మీద మొహం ఆనించి పట్టుకున్నా, వాడు అమ్మనే చూస్తున్నాడు. అమ్మ ఇటు తిరగలేదు. పరదేశి మూతి మీద నెత్తురు కొంగుతో తుడుస్తోంది.