గోదారికి పోసిన సాక

రాజమండ్రి రేవుల పోశయ్య పీనుగ తేలింది. మెడ చుట్టు సన్నటి వైరు గీత. పోశయ్య వెదురు బేరగాడని ఊరంత అనుకునేది గని, అసలు సంగతి సిద్దిపేట ముసాఫిర్ బంగ్లాల కూసున్న మేజర్ సామ్యూలుకు ఎరుక. పోశయ్య మిలిటరీ ఇంటెలిజెన్స్ ఏజెంటు.

ఆ పొద్దే లక్ష్మీరాజాన్ని పిలిపించిండు మేజర్. సిద్దిపేటల కల్లు గీసేటోళ్ల ఇంట్ల పుట్టిండు రాజం. తాడి చెట్టు మీద ఎంత నిమ్మళమో, సర్కారు చాటు పనిల అంత చురుకు.

"జపాను గూఢచారి ముఠా పని, రాజం. శుక్రారం పొద్దుగాల మన పటాలం గోదావరి రైలు వంతెన దాటి బర్మా యుద్ధానికి పోతది. వంతెనే టార్గెట్ అని నా అనుమానం. పేల్చేది ఎట్లనో పోశయ్య చెప్పకముందే చంపిన్రు."

"మా తమ్ముడు నర్సయ్య గా పటాలంలనే ఉన్నడు సార్."

"ఎరుకే. గందుకే నిన్ను పంపుతున్న."

"కాంటాక్ట్ ఎవరు?"

"అనసూర్య. మన దిక్కు అక్కన్నపేట పిల్లనట. పోశయ్య పెట్టుకున్న ఏజెంటు, నేను సూడలే. రాజమండ్రి లాంచీ రేవుల కలుస్తది. 'సాక పోసినవా' అని నువ్వు అడగాలె. 'ఎల్లమ్మకు పోసిన' అంటది. అదే కోడ్‌వర్డ్."

సాక అంటే సిద్దిపేట దిక్కు పసిపోరగానికి సుత ఎరుకే. కల్లు నోట్లె పోసుకోకముందు ఎల్లమ్మ తల్లి పేరు మీద నాలుగు చుక్కలు కిందికి ఇడుస్తరు. ఇడువనిది గుటక దిగదు.

రాజమండ్రి రాజులేలిన పాత పట్నం. ముంగట కడుపు నిండిన గోదారి. ఎగువకు పోతే పాపికొండలు, ఎండ నేలకు దిగని అడవి. మనుషులు అడవికి పోవాలన్నా, అడవి వెదురు తెప్పలై కిందికి రావాలన్నా ఈ ఊరే దర్వాజ. ఆ దర్వాజ రాజాన్ని సూసి మూసుకున్నది.

కల్లు అమ్మేటోని వేషం. భుజానికి మోకు, అదే, చెట్టెక్కే తాడు. చేతిల లొట్టి నిండ కల్లు.

"ఇంత జాగ దొరుకుతదా?" అని లాడ్జిల అడిగిండు.

"జాగా ఏవిటి జాగా? మనుషులు మాట్లాడే భాషేనా ఇది?" అన్నడు లాడ్జాయన. "నైజామోళ్లకి గదుల్లేవు. ఆ కంపు కుండ పట్టుకుని అవతలికి నడు."

హోటల్ల నీళ్లడిగితే గిలాస ఇయ్యలే, దోసిట్ల పైకెల్లి పోసిన్రు. పక్క బల్ల మీదోళ్లు అతని మాటను ఎక్కిరిచ్చి మరీ నవ్విన్రు. అరుగు మీద పండుకుంటే ఎవడో బిందెడు నీళ్లు గుమ్మరిచ్చిండు.

శుక్రారం తెల్లారంగ లాంచీ రేవుల నిలబడ్డదామె. పట్టు చీర, నల్లద్దాలు, ఎర్రటి పెదవులు.

"సాక పోసినవా?"

"ఎల్లమ్మకు పోసిన, అన్నా."

అన్ని తిట్లు తిన్న చెవికి సొంతూరి మాట ఎంత తియ్యగుంటది. రాజం పానం లేచొచ్చింది.

"వంతెన పేల్చమని ఆర్డరొచ్చేది అడవిల ఉన్న వైర్‌లెస్ కాడికెల్లి" అన్నది అనసూర్య. "దాన్ని పలగ్గొడితే రైలు పైలం. జల్ది లాంచీ ఎక్కు."

ఎక్కిండు. లాంచీ వంతెన కిందికెల్లి ఎగువకు మళ్లింది. రాజం తాటాకు రేక మలిచి కల్లు పోసి ఇచ్చిండు.

"గొంతు తడుపుకో చెల్లె."

ఆమె తీస్కొని గటగట తాగింది. ఒక్క చుక్క కింద వడలే.

ఈమె అసలు అనసూర్య కాదని రాజానికి సమజైంది. పోశయ్య మెడకు వైరు బిగిస్తే కోడ్‌వర్డ్ బయటవడ్డది. తాగేముందు చెయ్యి చుక్కలు ఇడిసే సంగతి వాళ్లు అడగలే, ఆయన చెప్పలే.

"సాక పొయ్యలే గదా, చెల్లె."

"పోసిన అని చెప్తి గదా."

"చెప్పినవు."

ఆమె నవ్వి పౌడరు డబ్బ తెరిచింది. అద్దం మీది ఎండ మెరుపు నీళ్ల మీదికెల్లి ఉరికి, ఎగువకెల్లి వస్తున్న వెదురు తెప్ప మీద వడ్డది. తెప్ప మీదోడు వంగి, బొంగుల దాచిన డైనమైట్ వత్తికి నిప్పు పెట్టి నీళ్లల్ల దుంకిండు. తెప్ప తిన్నగ వంతెన దిమ్మె మీదికి పోతున్నది. అవతలి ఒడ్డున రైలు కూత.

ఆమె చేతిల పిస్తోలు లేచింది. నాలిక మీది యాస ఊడిపోయింది. "తెలివైనవాడివే. కాస్త ఆలస్యంగా."

మోకు గాలిల తిరిగి ఆమె రెక్కల మీద వడ్డది. గుండు లాంచీ కప్పుల దిగింది. రాజం ఆమెను గుంజకు బిగియ్యంగనే లాంచీ నడిపే సరంగు మొత్తుకున్నడు, "నైజామోడు ఆడమనిషిని కట్టేస్తున్నాడు, పట్టుకోండి!" తెడ్డుతోని ఒక్కటి వీపుల వడ్డది. గా దెబ్బతోనే రాజం, లొట్టి అందుకొని, పక్కకొచ్చిన తెప్ప మీదికి దుంకిండు.

వత్తి బొంగు మూతిల చురచుర కాలుతున్నది. దోసిట్ల నీళ్లు ముంచే యాళ్ల లేదు. లొట్టి బోర్లిచ్చిండు.

సుయ్యిమన్నది. పుల్లటి పొగ లేచింది. తెప్ప దిమ్మెకు రాసుకుంట పోయింది, పైన రైలు ధడధడ దాటింది. కింద తడిసి నిలబడ్డ కల్లోన్ని సూసి సిపాయిలు ఈలలేసి నవ్విన్రు. అండ్ల నర్సయ్య ఉన్నడో లేడో కనవడలే.

"ఎల్లమ్మకు పోసిన" అన్నడు రాజం, వట్టి లొట్టిల మొహం పెట్టి.

గుంజకు కట్టిన దొంగ అనసూర్యను వంతెన కాడి మిలిటరీకి అప్పజెప్పి సిద్దిపేటకు వస్తే, తల్లి ఐలవ్వ గడపల్నే అడిగింది.

"అంత పెద్ద గోదారి సూసొచ్చినవు, ఎట్లున్నది బిడ్డా?"

"నీళ్లకు కరువు లేదవ్వా" అన్నడు వీపు రుద్దుకుంట. "అడిగితె దోసిట్ల పోస్తరు, పండుకుంటె నెత్తిన పోస్తరు. అగ్గంటుకున్ననాడే మన కల్లు తీస్కపోవాలె."