సింగపూర్ వీసాలో రాముడి పేరు

హలో, వినబడుతోందా అండీ? సిగ్నల్ బాగానే ఉందా? టీ తాగడం అవ్వకపోతే గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చోండి, నాకేం తొందర లేదు. ఈవేళ మా వైపు ఒక ఇంటి సంగతి చెబుతాను. సరదాగా సింగపూర్ చూసొద్దామనుకున్న ఒక కుటుంబం, వీసా ఫారం దగ్గర ఎక్కడ ఆగిపోయిందో వినండి.

నౌపడ ఉప్పు మడులు దాటి సముద్రం వైపు వెళితే ఒక చేపలవాళ్ళ ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో దాలయ్య, కూర్మమ్మ అని మొగుడూ పెళ్ళాలు. దాలయ్యకు అరవై దాటాయి. వేటకి వెళ్ళడం మానేసి, నలుగురి వలలు బాగుచేసి పెడుతుంటాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు శైలజ. అల్లుడు ఉమాశంకర్‌ది బొబ్బిలి. వాళ్ళదీ ఇదే కులం గాని, తాతల నాడే సముద్రం వదిలేసి అక్కడ స్థిరపడిపోయారు. ఉమాశంకర్‌కి పొలాల మోటార్లు అమ్మే షాపు ఉంది. అత్తమామలంటే మంచి అభిమానం. కూర్మమ్మ ఎప్పుడో మాటల్లో "సచ్చిపోయేలోగా ఒక్కసారి ఇమానం ఎక్కాల బాబూ" అంటే, అది గుర్తు పెట్టుకుని, వేసవిలో నలుగురం సింగపూర్ వెళ్ళొద్దామని పట్టుబట్టాడు.

ఆ ఆదివారం పొద్దున్న కూతురు, అల్లుడు మోటార్ సైకిల్ మీద వచ్చారు. కూర్మమ్మ రొయ్యలు వలుస్తోంది. దాలయ్య అరుగు మీద వల పరుచుకుని కూర్చున్నాడు. ఉమాశంకర్ మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఏజెంటుకి పంపాల్సిన ఫారం నింపుతున్నాడు.

"అత్తా, నీ ఫోటో మళ్ళీ తీయించాల. వెనక తెల్లగా ఉండాలంట. నువ్వేమో కొబ్బరిచెట్టు బొమ్మ ముందు నిలబడ్డావు."

"ఆ స్టూడియో గుంటడే నిలబెట్టినాడు బాబూ. బాగున్నాది కదేటి?"

"బాగుంది గాని సింగపూర్ వాళ్ళకి కొబ్బరిచెట్టు అక్కర్లేదు. హోటల్ బుక్ చేసిన కాగితం ఉంది. రానూ పోనూ టికెట్లు ఉన్నాయి."

"ఎల్లకముందే తిరుగు టికెట్టు ఏటి?" అంది కూర్మమ్మ.

"అక్కడే ఉండిపోతారేమోనని వాళ్ళ భయం."

"ఓలమ్మ! నానెందుకుండిపోతానూ? నా కోళ్ళకి గింజలెవులేస్తారు?"

అందరూ నవ్వారు. శైలజ అమ్మ చేతిలోంచి రొయ్యల చేట లాక్కుని తను వలవడం మొదలుపెట్టింది. కూర్మమ్మ ఫారం అయిపోయింది. దాలయ్యది మొదలైంది. పేరు, పుట్టిన ఊరు, పాస్‌పోర్టు నంబరు అన్నీ నింపుకుంటూ వచ్చి ఉమాశంకర్ ఒక ప్రశ్న దగ్గర ఆగి, తెలుగులో చెప్పాడు.

"మావయ్యా, ఇది ఊరికే అందర్నీ అడుగుతారు. ఏ దేశమైనా మిమ్మల్ని రానివ్వకపోవడం గాని, తిప్పి పంపడం గాని, కోర్టులో శిక్ష పడటం గాని ఎప్పుడైనా జరిగిందా?"

దాలయ్య చేతిలో వల అల్లే కర్ర ఆగిపోయింది. కూర్మమ్మ లోపలికి వెళ్ళబోయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"లేదని నొక్కెయ్యి," అంది శైలజ తల ఎత్తకుండా.

"నొక్కకు బాబూ," అన్నాడు దాలయ్య.

ఉమాశంకర్ నవ్వాడు. "ఏం మావయ్యా, లండన్‌లో ఏమైనా దొంగతనం చేసేవా?"

ఎవ్వరూ నవ్వలేదు. శైలజ చేట పక్కన పెట్టి లేచింది. "నాన్నా, వద్దు."

"లేదని ఎలగ సెప్తానమ్మా? ఉన్నాను గదా."

"ఎక్కడున్నావు మావయ్యా?"

"జైల్లో బాబూ. పక్క దేశం జైల్లో. ఏడాది మీద ఇంకొన్ని నెలలు."

అప్పుడు చెప్పాడు దాలయ్య. చాలా ఏళ్ళ క్రితం, శైలజ ఎనిమిదో తరగతి చదువుతుండగా, ఈ ఊరి మగవాళ్ళు కొందరు గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద వేటకి కుదిరారు. ఒక రాత్రి ఇంజను చెడిపోయింది. గాలి ఎటు తోస్తే అటు పోయారు. నీళ్ళ మీద గీత ఉండదు కదా. తెల్లారేసరికి అవతలి దేశం పోలీసు బోటు పక్కన ఉంది. కోర్టులో హద్దు దాటారని శిక్ష వేశారు. ఆ తర్వాత మన దేశం వాళ్ళు మాట్లాడి విడిపించి తీసుకొచ్చారు.

ఉమాశంకర్ భార్య వైపు తిరిగాడు. "పెళ్ళిచూపుల్లో గుజరాత్‌లో బోటు మీద పనిచేశారని చెప్పేరు."

"అది కూడా నిజమే కదా," అంది శైలజ.

"సగం నిజం."

శైలజకి ఒక్కసారిగా ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. తండ్రి మీదకి తిరిగింది. "సెప్పేసేవు కదా! ఇప్పుడు సంతోసమా? ఎవులడిగేరు నిన్ను? బళ్ళో నన్ను జైలోడి కూతురని పిలిచినప్పుడు నువ్వు లేవు. నాను పడ్డాను. ఆ మాట ఇంక వినకూడదనే బొబ్బిలి ఎల్లిపోయాను. ఒక్క నొక్కు నాన్నా! లేదని ఒక్క నొక్కు నొక్కితే అమ్మ ఇమానం ఎక్కును. నీకంత పట్టుదల ఏటి? పాస్‌పోర్టు తీసినప్పుడు లేని సత్తెం ఇప్పుడొచ్చిందా?"

"పాస్‌పోర్టుకి ఎవుడూ నాకు సదివి వినిపించనేదమ్మా. ఏలు పెట్టమన్నారు, పెట్టినాను."

ఉమాశంకర్ లాప్‌టాప్ మూసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

"టీ అయినా తాగనేదు," అంది కూర్మమ్మ. ఆ మాట ఎవరితో అందో ఆమెకే తెలియదు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ మనుషులు జైలు నుంచి తిరిగొచ్చిన ఏడాది, ఊళ్ళో కుదిరిన ఒక సంబంధం వెనక్కి పోయింది. జైలుకెళ్ళిన వాళ్ళ ఊరి పిల్ల మాకొద్దన్నారు. అప్పుడు కులపెద్దలు ఒడ్డున ఇసకలో కూర్చుని కట్టుబాటు పెట్టారు. జైలు మాట బయటివాళ్ళ దగ్గర ఎవరూ ఎత్తకూడదు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు అవ్వాలి అని. మా వైపు చేపలవాళ్ళ ఊళ్ళలో పెద్దలు కట్టు పెడితే పెట్టినట్టే. ఊరంతా ఒక్క నోరులా ఉండిపోయింది. శైలజకి, ఇంకా చాలామందికి పెళ్ళిళ్ళు అయ్యాయి.

దాలయ్య వల పక్కకి తోసి కూతుర్ని దగ్గరికి రమ్మన్నాడు. ఆమె రాలేదు. దూరంగానే, స్తంభాన్ని ఆనుకుని కూర్చుంది.

"సైలూ, రాముడు మావ గుర్తున్నాడా నీకు?"

శైలజ తల ఊపింది. ఎందుకు గుర్తుండడు? పక్కింటి చిన్నతల్లి మొగుడు. సంత నుంచి వస్తూ బెల్లం జీళ్ళు తెచ్చి ముందు శైలజ చేతిలో పెట్టి, తర్వాతే తన కూతురు రాణికి ఇచ్చేవాడు.

"ఆడు అక్కడే సచ్చిపోనాడు. మందులిచ్చినారు గాని జొరం తగ్గనేదు. నా ఒళ్ళో తల పెట్టి పడుకునీవోడు. పొద్దున్నే లేసి, 'బావా, ఈయేళ మనూరి ఒడ్డుకి ఏ సేప పడి ఉంటాది?' అనీవోడు. నాను కవళ్ళు అంటే, కాదు వంజరం అనీవోడు. దానికోసం దెబ్బలాడుకునీవోళ్ళం. ఆడి మట్టి కూడా అక్కడే ఉండిపోనాది."

"నాకు తెలుసు నాన్నా."

"నీకు తెలుసు. ఊరికి తెలుసు. కానీ కట్టు పెట్టినప్పుడు, రాముడు తుపానులో సముద్రంలో పోనాడని సెప్పమన్నారు. నానూ సరే అన్నాను. నీ పెల్లి కావాల మరి. ఇన్నేళ్ళూ ఎవులడిగినా అదే సెప్పినాను. నోటితో సెప్పింది గాలికి పోతాది అనుకున్నాను. ఇప్పుడు ఈ కాగితం నన్నే అడుగుతన్నాది, నువ్వక్కడ ఉన్నావా అని. నాను ఆ దేశమే ఎల్లనేదని రాసి సంతకం ఎట్టేస్తే, రాముడు ఎవుల ఒళ్ళో సచ్చిపోనాడమ్మా?"

శైలజ కొంగు నోట్లో కుక్కుకుంది.

వాకిట్లో అలికిడి అయింది. ఉమాశంకర్ ఎప్పుడొచ్చాడో, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి, అరుగు చివర నిలబడి ఉన్నాడు. వచ్చి మంచం మీద కూర్చుని మళ్ళీ లాప్‌టాప్ తెరిచాడు.

"ఏమండీ..." అంది శైలజ.

"నాకు కోపం జైలు గురించి కాదు," అన్నాడు అతను తెర వైపే చూస్తూ. "పెళ్ళయి ఆరేళ్ళు. నాకు కడుపునొప్పి వస్తే కూడా నీకు చెప్తాను. నువ్వు ఇంత పెద్దది కడుపులో పెట్టుకుని పడుకున్నావు. నేను ఇల్లొదిలి పోతాననుకున్నావా?"

"అత్తయ్య ఏమైనా అంటారని..."

"అంటది. మా అమ్మ అనకుండా ఉంటదేటి? నేనే చెప్తాను. రెండ్రోజులు అరుస్తది, మూడో రోజు మావయ్యకి మామిడికాయ పచ్చడి పంపిస్తది. నాకు తెలీదా మా అమ్మ?" అని కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్పు మావయ్యా. అవును అని నొక్కేను. కింద వివరాలు రాయాలంట."

దాలయ్య చెబుతుంటే ఉమాశంకర్ ఇంగ్లీషులో రాసుకుంటూ వెళ్ళాడు. బోటు, ఇంజను, కోర్టు, విడుదల.

"రాముడి పేరు కూడా ఎయ్యి బాబూ."

"ఇది నీ గురించి అడిగిన ప్రశ్న మావయ్యా. ఆయన పేరు అక్కర్లేదు."

"అక్కర్లేదని నాకూ తెలుసు. ఎయ్యి."

ఉమాశంకర్ రాశాడు. పంపే మీట మీద వేలు పెట్టబోతే దాలయ్య ఆపాడు. "ఉండు. ఇది నా ఒక్కడి మాట కాదు. కట్టు తెంపుతున్నాను. పెద్దలకి తరవాత నాను సమాధానం సెప్పుకుంటాను. ముందు చిన్నతల్లిని అడగాల."

లాప్‌టాప్ పట్టుకుని నలుగురూ పక్కింటికి వెళ్ళారు. చిన్నతల్లి వాకిట్లో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మీద కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. అల్లుడుగారు కూడా రావడం చూసి కంగారుగా లేచి కొంగు సర్దుకుంది.

దాలయ్య ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. "నీకు ఇష్టం లేదంటే పంపను. ఇమానమూ వద్దు, ఏటీ వద్దు. నీ కూతురు కాపురం ముఖ్యం నాకు."

చిన్నతల్లి నెత్తళ్ళ మీదకొచ్చిన కాకిని కర్రతో తోలింది.

"ఏటని రాసినారు?" అంది.

"సైలూ, సదువమ్మా," అన్నాడు దాలయ్య.

శైలజ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో వాక్యం చూసి, తెలుగులోకి మార్చుకుంటూ చదివింది.

"నా పేరు దాలయ్య. నేను చేపలు పట్టేవాడిని. మా పడవ ఇంజను చెడిపోయి, తెలియక హద్దు దాటినందుకు పొరుగు దేశంలో జైలు శిక్ష పడింది. తర్వాత నన్ను విడిచిపెట్టి మా దేశానికి పంపించారు. మా ఊరివాడు రాముడు నాతో పాటు అదే జైల్లో ఉన్నాడు. అతను..."

అక్కడ ఆగింది. ఉమాశంకర్ చదవబోయాడు. శైలజ చేయి అడ్డం పెట్టి, తనే చదివింది.

"అతను కార్తీక పౌర్ణమి దాటిన మూడో రోజు తెల్లవారుజామున జ్వరంతో చనిపోయాడు. అప్పుడు నేను అతని పక్కనే ఉన్నాను."

చిన్నతల్లి చేతిలో కర్ర జారి పడింది. కాకులు దిగాయి. ఎవరూ తోలలేదు.

"మూడో రోజా అన్నా?" అంది. "నాకెవులూ రోజు సెప్పనేదు. తుపాను రోజునే పోనాడని నా అల్లుడోరికి సెప్పినాం గదా, ఏటేటా ఆ రోజునే ఆడి పేరున కూడు పెడతన్నాను. ఏటి వండినా ఆడిది కాని రోజున పెడతన్నానని ఏడుపొచ్చీది. అడిగితే మళ్ళీ ఆ మాట ఎత్తినట్టవుతాదని అడగనేదు."

"నాను సెప్పాల్సింది," అన్నాడు దాలయ్య. "నోరు రానేదు సెల్లీ."

కూర్మమ్మ వెళ్ళి చిన్నతల్లి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. శైలజ లాప్‌టాప్ పక్కన పెట్టి తండ్రి దగ్గరికి జరిగింది. పొద్దుటి నుంచి దూరంగా ఉన్న పిల్ల, వచ్చి అతని మోకాలి మీద తల పెట్టుకుంది.

"జైలోడి కూతుర్నే నాన్నా," అంది. "ఎవులడిగినా అదే సెప్తాను."

దాలయ్య ఆమె తల నిమిరాడు.

చిన్నతల్లి కళ్ళు తుడుచుకుంది. "పంపెయ్యండి. రాణికి నాను సెప్పుకుంటాను. ఈ ఏడు ఆడి రోజుకి ఆడికి పెడతాను," అంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ శైలజ వైపు చూసింది. "అమ్మా, ఆడి పేరున్న ముక్క ఇంకొక్కసారి సదువుతావేటి?"

శైలజ చదివింది. ఆమె అడిగినన్నిసార్లు చదివింది.

వీసా వచ్చిందా అని అడుగుతారు మీరు. వచ్చిందండీ. ముందు విడుదల కాగితం పంపమన్నారు, పంపారు. కాస్త ఆలస్యమైంది గాని నలుగురికీ వచ్చింది. రాకపోయినా వాళ్ళు పెద్దగా బాధపడి ఉండరని నాకనిపిస్తుంది.

మీ ఇళ్ళల్లో కూడా పరువు కోసమో, పెళ్ళి కోసమో పేరెత్తడం మానేసిన మనిషి ఎవరైనా ఉంటారు. ఆ మనిషి తాలూకు వాళ్ళకి ఈ కథ చెప్పండి. వీలైతే పక్కన కూర్చుని మీరే వినిపించండి. ఉంటానండీ, ఫోన్ పెట్టేస్తున్నాను.