ఉడికినవేనా?

మా వీధి మలుపులో మూతపడ్డ మాంసం కొట్టు ఒకటుంది. చీకటి పడితే ఆ దారిన ఎవరూ పోరు. కొట్టు తాత తన పెంపుడు కుక్క చచ్చిపోయిన కొన్నాళ్ళకే తనూ పోయాడు. అప్పట్నుంచీ లోపల ధప్... ధప్... మని చప్పుడు. మొద్దు మీద కత్తి పడుతోందని అందరి మాట.

ఇది మా బాబాయి చెప్పింది. క్యాంటీన్‌లో వంటమనిషి. అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి— చెబుతున్నంతసేపూ నేను వాటినే చూస్తూ కూర్చున్నాను.

బాబాయికి బుజ్జమ్మంటే ప్రాణం. బుజ్జమ్మ ఆయన కుక్క. క్యాంటీన్‌లో మిగిలిన ఎముకలు కడిగి, మళ్ళీ ఉడికించి, మూట కట్టి మరీ తెచ్చేవాడు. "నాకెప్పుడైనా మూట కట్టి తెచ్చారా?" అని పిన్ని రోజూ దెప్పేది. కొన్నాళ్ళుగా బుజ్జమ్మ తిన్నప్పుడల్లా దగ్గుతోంది. దగ్గులో నెత్తురు. ఎందుకో తెలియక బాబాయి కుమిలిపోయాడు. బలమొస్తుందని ఇంకాసిని ఎముకలు తెచ్చాడు.

ఆ రాత్రి హోరున వాన. చుట్టు తిరిగి వెళ్ళే ఓపిక లేక, ఎముకల మూటతో కొట్టు ముందు నుంచే నడిచాడు.

ధప్... ధప్...

షట్టర్ కొంచెం పైకి లేచింది— చెయ్యి పట్టేంత.

"ఉడికినవేనా?"

గుసగుస. బాబాయికి పైప్రాణాలు పైనే పోయాయి. అయినా వంటవాడి నోరు ఊరుకుంటుందా?

"మె... మెత్తగా ఉడికాయండీ..."

"అయ్యో! ఇలా ఇవ్వు."

ముడతలు పడ్డ చెయ్యి మూట లాక్కుంది. ఇంకో పొట్లం బయటికి తోసింది.

"పచ్చివి పెట్టు నాయనా. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది... నా కుక్కపిల్ల గొంతులో అదే దిగింది. నా చేత్తోనే పెట్టాను."

బాబాయి ఇంటిదాకా ఒకటే పరుగు. పొట్లంలో పచ్చి ఎముకలు. అవే పెట్టాడు. ఆ రాత్రి బుజ్జమ్మ దగ్గలేదు.

"ఎవరో కొట్టు అద్దెకి తీసుకునుంటారు లెండి," అని పిన్ని నవ్వింది. తెల్లారాక బుజ్జమ్మని తీసుకుని ఇద్దరూ కొట్టు దగ్గరికి వెళ్ళారు.

తాళం తుప్పు పట్టి ఉంది. షట్టర్ సందులోంచి చూస్తే మొద్దు మీద బాబాయి మూట, ఆయన వేసిన ముడితోనే. కత్తి మాత్రం గోడకి వేలాడుతోంది, నిండా బూజు పట్టి.

బుజ్జమ్మ షట్టర్ ముందు చతికిలబడి, ఎవరినో చూసినట్టు తోక ఆడించింది. తోక నేలకి తగిలి ధప్... ధప్...

లోపల, మొద్దు కింద నుంచి బదులొచ్చింది.

ధప్... ధప్...

పిన్ని బాబాయి చెయ్యి పట్టుకుంది.

"అది కత్తి కాదండీ..." అంది. "తోక."