ప్రణీత చూడని గుడి

“మేం కంబోడియా వెళ్లాం, మిస్!”

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ప్రణీతకే తెలియలేదు.

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు అది. బయట, వాళ్లుండే పాపటోయిటోయి పేట అంతా సన్నగా వాన పడుతోంది. లంచ్ అయ్యాక పిల్లలంతా కార్పెట్ మీద గుండ్రంగా కూర్చున్నారు. సెలవుల్లో ఎక్కడికి వెళ్లారో ఒక్కొక్కరూ చెబుతున్నారు. ఒకరు ఫిజీ అన్నారు. ఒకరు గోల్డ్ కోస్ట్ అన్నారు. ప్రణీత వంతు వచ్చేసరికి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

నిజానికి ప్రణీత వాళ్లు ఈ సెలవుల్లో కంబోడియా వెళ్లాల్సింది. నాన్న లోకేశ్ ఎయిర్‌పోర్టులో విమానాల్లోకి బ్యాగులు ఎక్కించే పని చేస్తాడు. “ఎప్పుడూ వేరేటోళ్ల బ్యాగులేనా? ఈసారి మనవి కూడ ఎక్కుతయి” అన్నాడు. తీరా సమయానికి ఆయనకు లీవ్ దొరకలేదు. కంబోడియా చూసొచ్చినవాళ్లు పెట్టిన వీడియోలు చూస్తూ ప్రణీత సెలవులన్నీ సోఫాలోనే గడిపేసింది. వాళ్లు రాసిన మాటలు ఒక్కటీ వదలకుండా చదివింది.

“అబ్బ! అక్కడ ఏం చూశావు?” అని అడిగింది టీచర్ మిస్ టేలర్.

“అంగ్‌కోర్ వాట్ చూశాం. పెద్ద గుడి. తెల్లారకముందే వెళ్లి అక్కడి చెరువు దగ్గర నిలబడాలి. అందరూ ఫోన్లు పైకెత్తి తోసుకుంటారు. గోపురాల వెనక సూర్యుడు కనబడగానే మాత్రం అందరూ గప్‌చుప్! ఇంకో గుడిలో చెట్ల వేళ్లు గోడల్ని కొండచిలువల్లా చుట్టుకుని ఉంటాయి. కోతులు మన చేతుల్లో నీళ్ల సీసాలు లాక్కుంటాయి!”

పిల్లలు నవ్వారు. చెబుతున్నంతసేపూ ప్రణీతకు నిజంగానే అక్కడ ఉన్నట్టు అనిపించింది. చెప్పడం అయిపోగానే మళ్లీ కార్పెట్, కిటికీ మీద వాన చుక్కలు.

బెల్ కొట్టాక చన్నారీ పరుగున వచ్చింది. ఆ అమ్మాయి పోయిన టర్మ్‌లోనే కొత్తగా చేరింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.

“నువ్వు మా ఊరు వెళ్లావా? అంగ్‌కోర్ వాట్ పక్కనే మా ఊరు, సియామ్ రీప్! అక్కడ పాత మార్కెట్ దగ్గర మా యాయ్ కొట్టు ఉంది. యాయ్ అంటే అమ్మమ్మ. తాటిబెల్లం అమ్ముతుంది. మెడలో ఎర్ర గళ్ల కండువా ఉంటుంది. చూశావా?”

లేదు అంటే సరిపోయేది. కానీ చన్నారీ కళ్లు అంతలా వెలగడం ప్రణీత ఎప్పుడూ చూడలేదు.

“చూశాను” అంది.

“బాగా నడుస్తోందా? వానలో జారిపడింది. ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటుంది. కానీ మొహం ఒక్కటే చూపిస్తుంది.”

“బాగా... బాగానే నడుస్తోంది.”

చన్నారీ ఆమెను గట్టిగా వాటేసుకుంది. “అమ్మకి చెప్పాలి!” అంటూ గేటు వైపు పరుగెత్తింది.

ఆ సాయంత్రం ప్రణీతకు అన్నం సయించలేదు.

“ఏమైంది బిడ్డా? కంబోడియా గురించేనా? వచ్చే యేడు తప్పకుంట పోదాం” అన్నాడు నాన్న.

ప్రణీత ఏడ్చేసింది. జరిగిందంతా చెప్పింది. నాన్న ఆమెను దగ్గరకు తీసుకున్నాడు.

“విమానం లేస్తుంటే నేను కూడ అండ్ల ఉన్నట్టే అనిపిస్తది నాకు. అనిపించుడు తప్పు గాదు” అన్నాడు. “కానీ బిడ్డా, ఆ ముసలమ్మ నడుస్తుందో లేదో నీకేం తెలుసు?”

మర్నాడు చన్నారీ గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. చేతిలో చిన్న పొట్లం ఉంది.

“తాటిబెల్లం, నీకే. యాయ్ కొట్టు తీయడమే లేదట, నువ్వు ఇంకెవరినో చూసి ఉంటావట. అమ్మ అలా అంటే నేను పోట్లాడాను. ప్రణీత చూసింది, యాయ్ నడుస్తోంది అని గట్టిగా చెప్పాను.”

ప్రణీత చెయ్యి చాపలేదు.

“నేను చూడలేదు, చన్నారీ. మేం అసలు కంబోడియా వెళ్లనే లేదు. అన్నీ వీడియోల్లో చూసినవే. సారీ.”

చన్నారీ మొహం వాడిపోయింది. “అయితే... యాయ్ నడవడం లేదా?”

“నాకు తెలియదు.”

పొట్లం చేతిలోనే పట్టుకుని చన్నారీ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు క్లాసులో అందరి ముందూ ప్రణీత నిజం చెప్పింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఆ వారమంతా చన్నారీ ఆమె వైపు చూడలేదు. శుక్రవారం బ్యాగులు సర్దుకుంటుంటే తనే వచ్చి పక్కన నిలబడింది.

“యాయ్‌ని కాలు చూపించమని అడిగాను. కట్టు ఉంది. నేను ఏడుస్తానని దాచిందట. కర్ర పట్టుకుని నడిచి చూపించింది. మెల్లగా నడుస్తోంది.”

“నా మీద కోపం పోయిందా?”

“కొంచెం ఉంది” అంది చన్నారీ. “కానీ ఆ చెట్ల వేళ్లు, కోతులు... అవన్నీ నిజమే. ఇక్కడ వాటి గురించి మాట్లాడటానికి నాకు ఇంకెవరూ లేరు. ఇవాళ మళ్లీ యాయ్‌కి ఫోన్ చేస్తాం. వస్తావా?”

ప్రణీత తన అమ్మను అడిగి చన్నారీ వాళ్లింటికి వెళ్లింది. ఫోన్‌లో యాయ్ నవ్వుతూ కనిపించింది. ప్రణీతను చూసి వాళ్ల భాషలో ఏదో అడిగింది.

“మా గుడి చూశావా అంటోంది” అంది చన్నారీ.

ప్రణీత ఫోన్‌లోకి సూటిగా చూసింది.

“ఇంకా చూడలేదు, యాయ్. మీరు చెప్పండి.”

చన్నారీ ఆ మాట చేరవేసింది. యాయ్ కర్రను గోడకు ఆనించి, కుర్చీని ముందుకు జరుపుకుంది. చిన్నప్పుడు పండగ రోజున వాళ్లమ్మతో ఆ గుడికి నడిచి వెళ్లేదట. ఎండకు కాలిన రాళ్ల మీద చెప్పుల్లేకుండా గెంతేదట. నీడ పడిన మెట్ల మీద కూర్చుని అరిటాకులో కట్టుకొచ్చిన అన్నం తినేవాళ్లట.

ఇది ఏ వీడియోలోనూ లేదు. చన్నారీ అర్థం చెబుతున్న ఒక్క మాట కూడా పోకుండా వినాలని ప్రణీత ఇంకా దగ్గరగా జరిగింది.