రాగి పలకకు కళాయి

నేను ఇచ్చింది గిన్నె. తిరిగి వచ్చింది జల్లెడ.

డెబ్భై నాలుగులో, గోదావరిఖనిలో వానలు పట్టుకున్న రోజులవి. మా వరుస చివరి క్వార్టరులో పెండ్లికాని వాళ్ళు నలుగురు కలిసి ఉండేవారు. వాళ్ళలోకి కొత్తగా తీతు అనే అబ్బాయి వచ్చాడు. గనిలో ఎలక్ట్రీషియన్ హెల్పరు. తల్లి రామకృష్ణాపూర్‌లో ఉండేది. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో లెక్క మరిచిపోయినవాడిలా ఉండేవాడు.

వచ్చిన మూడో రోజే మా గుమ్మం ముందు నిలబడి, "చిన్నమ్మా, జర ఒక గిన్నె ఇస్తరా, పొద్దుగూకేసరికి తెచ్చిస్త" అని మా అమ్మను అడిగాడు. మా అమ్మ మార్తమ్మను ఎవరైనా చిన్నమ్మా అంటే చాలు, పొయ్యి మీది కూర గిన్నె కూడా దించి ఇచ్చేస్తుంది. నా చేతే సిల్వర్ గిన్నె ఇప్పించింది. సిల్వర్ అంటే వెండి అనుకునేరు, అల్యూమినియం. మా దగ్గర అందరూ అట్లాగే అంటారు.

సాయంత్రం గిన్నె వచ్చింది. అడుగంతా చిల్లులు. ఎత్తి చూస్తే ఒక చిల్లులోంచి తీతు కన్ను కనబడింది.

"ఏం వండినవు ఇందుల?" అన్నాను.

"వండలే. నీళ్ళు పోసిన."

"నీళ్ళు పోస్తే బొక్కలు పడ్తయా? మీ రామకృష్ణాపూర్ల నీళ్ళు గట్లనే ఉంటయా?"

"ఆసిడ్ నీళ్ళు" అన్నాడు తల గోక్కుంటూ. "సిల్వర్‌ను తింటదని నాకు తెల్వదు. పోయంగనే బుడబుడ పొంగింది."

అతని వేళ్ళు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. చొక్కా మీద తుప్పు మరక. ఆ మరకను చూసి నవ్వు వచ్చింది, కానీ గిన్నె పోయినవాళ్ళం కదా అని ఆపుకొని లోపలికి వచ్చేశాను. ఆ చిల్లుల గిన్నెను మాత్రం పారేయలేదు. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

నెల తిరక్కముందే గాజులమ్మే కనకవ్వ ఒక వార్త మోసుకొచ్చింది. చివరి క్వార్టరు కొత్త పిల్లగాడు గోళ్ళరంగు కొన్నాడట. ఎర్రది. అది అయిపోయిందని మళ్ళీ ఇంకో సీసా కొన్నాడట. ఇంకేముంది, ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఆడవాళ్ళు ఒకరి బిడ్డల గోళ్ళు ఒకరు పరీక్షించారు. నా గోళ్ళలో పొయ్యి మసి తప్ప ఏమీ దొరకలేదు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకు మండిందని ఎవరైనా అడిగి ఉంటే గిన్నె గురించి అని చెప్పేదాన్ని. మర్నాడు గిన్నె సంగతి తేల్చుకుందామని వాళ్ళ వరండా దాకా వెళ్ళాను. తీతు నేల మీద బాసింపట్టు వేసుకుని, అగ్గిపుల్ల కొనతో ఎర్ర రంగు ముంచి, అరచేయంత పలక మీద గీతలు గీస్తున్నాడు.

"ఎవరికి పూస్తున్నవు గోళ్ళరంగు?"

"దీనికి" అన్నాడు తల ఎత్తకుండానే.

పలకకు ఒకవైపు పల్చటి రాగి రేకు అంటించి ఉంది. రంగు ఉన్నచోట ఆసిడ్ తినదు, మిగతాచోట రాగిని తినేస్తుంది. చివరికి మిగిలిన రాగి గీతలే తీగల పని చేస్తాయి, అని చెప్పాడు. ఆ ఆసిడ్ నీళ్ళు కూడా తనే తయారు చేసుకున్నాడు. బాత్‌రూములు కడిగే ఆసిడ్‌లో తుప్పు పట్టిన మేకులు వేసి, ఇక్కడికి రాకముందే పచ్చడి జాడీలో నెలరోజులు నానబెట్టి తెచ్చుకున్నాడట. ఈసారి పలకను మట్టి మూకుడులో పెట్టి ఆ నీళ్ళు పోశాడు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అయినా నాకు ఒక్కసారికే అర్థమైంది. అంతకంటే ముందు అర్థమైంది, ఆ ఎర్రరంగుకు వేరే ఆడపిల్ల గోళ్ళు లేవని. గుండె మీది నుంచి రోకలి దించినట్టయింది.

"ఇదంత ఎందుకు?" అన్నాను.

"రేడియోల పెట్టేతందుకు. సన్న సప్పుడును పెద్దగ చేస్తది."

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. ఎందుకంటే మా ఇంట్లో ఒక రహస్యం ఉంది.

మా బాపు యోబు గనిలో బొగ్గుకు మందు పెట్టి పేల్చే పనిలో ఇరవై ఏళ్ళు చేశాడు. ఆ చప్పుళ్ళకు చెవులు పోయాయి. అది ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కంపెనీ డాక్టరు దాకా పోతుంది, అన్‌ఫిట్ అంటారు, అని ఆయన భయం. అందుకే ఎవరేం చెప్పినా నవ్వుతూ తల ఊపి, "సరే సరే" అనడం నేర్చుకున్నాడు. చర్చిలో పాట అందరికీ అయిపోయాక కూడా ఆయన ఒక్కడు ఇంకో చరణం పాడేవాడు. జనం అది భక్తి అనుకునేవారు.

సరిగ్గా ఆ వారమే మందమర్రి నుంచి మా మేనత్త సారవ్వ వచ్చింది. అమ్మ దుకాణానికి పోయింది, నేను నల్లా దగ్గర ఉన్నాను. అత్త బాపు పక్కన కూర్చుని చాలాసేపు ఏదో చెప్పింది. ఆయన అలవాటుగా తల ఊపాడు. నేను బిందెతో వచ్చేసరికి అత్త నా బుగ్గలు పట్టుకుని సంతోషపడిపోతోంది. భార్య చనిపోయిన తన మరిదికి నన్ను అడిగిందట. బాపు సరే అన్నాడట. పై ఆదివారం కాక ఆపై ఆదివారం ప్రధానం, అంటే పెండ్లి ఖాయం చేసుకునే రోజు.

ఆమె పోయాక అమ్మ బాపు చెవి దగ్గర నోరు పెట్టి అరిచి అరిచి సంగతి చెప్పింది. ఆయన ముఖం తెల్లబోయింది. కానీ ఒక్కటే మాట అన్నాడు: ఇచ్చిన మాట ఇచ్చినట్టే. వినలేదని చెబితే చెవుడు బయటపడుతుంది. చెప్పకపోతే నా బతుకు వేరే ఇంట తేలుతుంది. ఆ రెండింటి మధ్య ఆయన గోడకు ఆనుకుని, రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

నేను తిన్నగా తీతు దగ్గరికి పోయాను. బాపు చెవుల సంగతి మొత్తం చెప్పేశాను.

"నాకెరుకే" అన్నాడు. "చర్చిల కాక పాట అందరి కన్న ఎన్క అయిపోతది."

"ఎవరికన్న చెప్పినవా?"

"అది చెప్పేటిదా?"

అప్పుడు ప్రధానం సంగతి కూడా చెప్పి, ఆలోపు బాపు అత్త మాట తన చెవితో వినేట్టు అట్లాంటిదే చెయ్యగలవా అని అడిగాను. అతను చేతిలో ఉన్న అగ్గిపుల్లను రెండుగా విరిచాడు, ఆ ముక్కలను మళ్ళీ రెండుగా విరిచాడు.

"ఎన్ని దినాలున్నయి?"

"పదకొండు."

"జల్ది చెయ్యాలె" అన్నాడు. అంతే. అయ్యో అనలేదు, ఓదార్చలేదు. నాకు మాత్రం ఏడుపు ఆగిపోయింది.

ఒక్కటే బాధ. మా అమ్మను చిన్నమ్మ అంటాడు, మా బాపును కాక, అంటే బాబాయి, అంటాడు. ఆ వరసలో నేనేమవుతానో మీరే చెప్పండి. చెల్లెలి కోసం చేస్తున్నాడా, నా కోసం చేస్తున్నాడా, అడిగేదెట్లా?

డ్యూటీ దిగగానే తీతు మా వరండాలోకి వచ్చి పని మొదలుపెట్టేవాడు. అమ్మ పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. ఆ పదిరోజుల్లో మేం తిన్నంత శుభ్రమైన అన్నం ఎన్నడూ తినలేదు. గీతలు గీయడం అయింది, ఆసిడ్ రాగిని తినడం అయింది. తీరా చూస్తే వానాకాలపు చెమ్మకు ఆ రాగి గీతలు నల్లబడి, వాటికి తగరం అంటడం లేదు. అతను కరిగించి పెట్టడం, అది గుండులా జారిపోవడం. మూడు రోజులు అట్లాగే పోయాయి.

నాకు చూసి చూసి విసుగొచ్చింది. చర్చి విందుల గంగాళాలు మా ఇంట్లోనే ఉండేవి. ఏటా క్రిస్మస్ ముందు వాటికి తగరం పూసి కళాయి వేసే ఆయన మా వాకిట్లో కొలిమి పెట్టేవాడు. చిన్నప్పటి నుంచి తిత్తి ఊదింది నేనే.

"చింతపండుతోని తోమకుండ కళాయి పడ్తదా ఎక్కడన్న?" అన్నాను.

పలకను లాక్కుని చింతపండు, ఉప్పు వేసి తోమితే రాగి కొత్త పైసాలా మెరిసింది. అతను కడ్డీ వేడి చేసి తగరం కరిగిస్తే, నేను గంగాళాల కళాయికని ఇంట్లో ఉన్న నవాసాగరం పొడి చల్లి, తెల్ల పొగ లేస్తుండగా దూదితో ఒక్క తుడుపు తుడిచాను. గీతలన్నీ వెండి తీగల్లా తేలాయి. తీతు పలకను చూడలేదు, నన్ను చూశాడు. అమ్మ దగ్గింది. ఇద్దరం పొగ కళ్ళలో పడ్డట్టు కళ్ళు తుడుచుకున్నాం.

శుక్రవారానికి అంతా ఒక సబ్బు పెట్టెలో ఇమిడింది. పాత టెలిఫోన్‌లోంచి తీసిన బిళ్ళ మాట పట్టుకుంటుంది, సన్న తీగ కొనకు ఉన్న గుండీ చెవిలో పెట్టుకోవాలి. నేను పెట్టుకుని చూశాను. అమ్మ చాటలో బియ్యం వానలా కురిసింది.

శనివారం పొద్దున చూస్తే పెట్టె చచ్చిపోయి ఉంది.

తీతు బ్యాటరీ మార్చాడు, తీగలు కదిపాడు, ముఖం చిన్నబోయింది. నేను పలక తిప్పి చూశాను. గీతల మధ్య పచ్చగా చిలుము పట్టి ఉంది. చూడగానే గుర్తొచ్చింది. కళాయి వేసిన గంగాళంలో మొదట కాచిన నీళ్ళు పారబోయాలి, నవాసాగరం మిగిలితే పచ్చబడుతుంది, అని కళాయి ఆయన ప్రతి ఏడూ చెప్పేవాడు. గంగాళానికైతే మరిచేదాన్ని కాదు. పలక కదా అని కడగనే లేదు.

"కాగిన నీళ్ళతోని కడగాలె" అన్నాను.

"కరెంటు సామాన్ల నీళ్ళు పోస్తరా?"

"సిల్వర్ గిన్నెల ఆసిడ్ పోసినోనివి, నువ్వు చెప్తవా నాకు?"

పోయి నీళ్ళు కాగబెట్టాడు. పాత బ్రష్షుతో, వేడినీళ్ళతో మూడుసార్లు కడిగాను. ఆరబెట్టాలి కదా, బయట వాన. అప్పుడు ఆ చిల్లుల గిన్నె తీశాను. బొగ్గు పొయ్యికి జానెడు ఎత్తున వేలాడగట్టి, అందులో పలక పెట్టాను. చిల్లుల్లోంచి వెచ్చటి గాలి సన్నగా పైకి వచ్చింది. మధ్యాహ్నానికి పెట్టెకు ప్రాణం వచ్చింది.

ఫస్ట్ షిఫ్టు దిగి బాపు వచ్చాడు. తీతు పెట్టెను ఆయన జేబులో పెట్టి, గుండీ చెవిలో పెట్టాడు. బాపు ముందు పైకి చూశాడు. పెంకుల మీద వాన. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. వంటింట్లో ఆమె తడి బట్టల గురించి తనలో తనే సణుగుతోంది.

"మార్తా" అన్నాడు మెల్లగా. పదేళ్ళలో ఆయన మెల్లగా మాట్లాడటం అదే మొదలు. "నువ్వు దినాం గిట్లనే సణుగుతవా?"

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సారవ్వ అత్త, ఆమె మరిది పూలు, పండ్లతో వచ్చారు. అందరూ చాప మీద కూర్చున్నాక బాపు జేబు సవరించుకున్నాడు.

"సారవ్వా, ఆ దినం ఏం చెప్పినవో మళ్ళ ఒకసారి చెప్పు."

అత్త చెప్పింది. మరిదికి నలభై దగ్గర పడ్డాయని, ఇద్దరు పిల్లలని, ఇల్లు చూసుకునే మనిషి కావాలని. దాచలేదు, పాపం, ఆ రోజు కూడా ఇవే చెప్పి ఉంటుంది. బాపు మొత్తం విన్నాడు.

"ఆ దినం నాకు ఒక్క ముక్క ఇనవడలే" అన్నాడు. "పదేండ్ల సంది నాకు చెవుడు. సిగ్గుకు చెప్పలే, భయానికి చెప్పలే. తల ఊపుడే గని నేను మాట ఇయ్యలే చెల్లే. తప్పు నాది."

ముందు ఊపిరి వదిలింది ఆ మరిదే. పిల్ల మరీ చిన్నది, తనకూ మనసొప్పలేదని, వదిన మాట కాదనలేక వచ్చానని చెప్పాడు. ముందే చెప్పొద్దా అని అత్త ఇద్దరినీ కలిపి తిట్టింది, తిట్టి తనే నవ్వింది. బాపు భయం కూడా ఉత్తదే అయింది. ఆ తర్వాత తనే పోయి డాక్టరుకు చెప్పుకుంటే, లోపలి పని మాన్పించి పైన ల్యాంపు రూములో డ్యూటీ వేశారు. ఆనాటి నుంచి సైరన్ మోగితే అమ్మ ఉలిక్కిపడటం మానేసింది.

అదంతా తర్వాతి మాట. ఆ మధ్యాహ్నం అందరూ తినడానికి లేస్తుండగా తీతు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పెట్టె ఎట్లా ఉందో చూసుకోవడానికి వచ్చాడట. ఉతికిన చొక్కా, మీద ఆ తుప్పు మరక అట్లాగే ఉంది. పెదవి కదిలీ కదలకుండా ఏదో అన్నాడు. పక్కనే ఉన్న నాకే సగం వినబడింది.

బాపు తల తిప్పాడు. "ఏమన్నవు?"

"సప్పుడు మంచిగ వస్తుందా అని అడిగిన."

"గది కాదు. దానికి ముంగట ఒకటన్నవు."

తీతు మరక మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మామా అన్న."

"ఇనవడలే."

"మామా" అన్నాడు, ఈసారి రెండు క్వార్టర్ల అవతలికి వినబడేట్టు. వంటింట్లో అమ్మ గరిటె ఆగింది. అంతవరకూ కాకా అన్న నోరు కదా.

బాపు నా వైపు చూశాడు. "సుసన్నా, ఈ పిల్లగాడు నన్ను మామ అంటున్నడు. అననియ్యాల్నా, వద్దా?"

నేను చాపతో చెప్పినట్టు చెప్పాను. "అననియ్యి బాపూ."

"ఏందీ?"

"అననియ్యి అంటున్న."

"ఇంకోసారి."

"ఇనవడతలేదా? పెట్టె మళ్ళ ఖరాబయిందా?" అని భయపడి దగ్గరికి వెళ్ళాను. ఆయన జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మొదటిసారే ఇనవడ్డది బిడ్డా" అన్నాడు. "పదేండ్లు నీ గొంతు ఇనకుండ గడిపిన. ఇంకోసారి చెప్పు."